కడగమంటే వండినారు

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే బస్సులో, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని మేక్‌ఫైల్‌తో కుస్తీ పడుతున్నాను. ఏ పని ఎలా చెయ్యాలో కంప్యూటర్‌కు చెప్పే ఫైలు అది. పై ఫోల్డర్‌లో 'క్లీన్' అని కొడితే, లోపలి ఫోల్డర్ పాతవి తుడవకుండా ప్రోగ్రామంతా మళ్ళీ తయారుచేస్తోంది. బస్సు దిగేలోపు ఆఫీసుకు పంపాలి.

పక్క సీట్లో పెళ్ళివంటలు చేయించే ఒకామె, వంటశాలలోని మేస్త్రీ మీద ఫోన్లో అరిచింది.

"గిన్నెలు కడిగించమంటే సాంబారు ఏల పెట్టించినావప్పా? లోపలోళ్ళకు ఏం జెప్పినావు? ఉత్త 'పని సూడండి' అన్నావా? అట్లయితే రోజూ జేసేదే జేస్తారు. ఏం పనో పేరు జెప్పల్ల! సరే, ఆ సాంబారు పారబొయ్యొద్దు, వీధిలోవాళ్ళకు పొయ్యండి."

గబగబా పై ఫోల్డర్‌లోని మేక్‌ఫైల్ తెరిచాను. అదీ అంతే. లోపలి ఫోల్డర్‌లోని మేక్‌ఫైల్‌ను పిలుస్తోందే గానీ, నేనడిగిన పని పేరు చెప్పడం లేదు. ఆ పేరు చేర్చాను. క్షణంలో అంతా శుభ్రమైంది.

సంతోషం పట్టలేక ఆమెకు చెప్పాను. "నాదీ అదే తప్పమ్మా. మీ మాట విని సరిజేసినా. ఊరికే తయారైందంతా తుడిచేసినా."

ఆమె నావైపు జాలిగా చూసింది.

"ఎవురికీ పెట్టకుండానేనా?"

ఇప్పటికీ 'క్లీన్' అని కొట్టే ముందు నా వేలు ఒక్క క్షణం ఆగుతుంది.