తివాచీల ఇంటి పిల్లి

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వేసవిలో, నన్ను కైకలూరు నుంచి ఏలూరుకు బదిలీ చేశారు. పశుసంవర్ధక శాఖలో హోదా అసిస్టెంటు డైరెక్టరు. అంటే సంతకాలు పెరిగి పశువులు తగ్గుతాయి. నేను మాత్రం ఉదయం పూట ఓపీ చూడటం మానలేదు. ఉద్యోగమంతా గేదెలతో గడిచిన నాకు పిల్లుల వైద్యం పుస్తకాల్లో చదివిందే ఎక్కువ. అయినా అన్నీ తెలిసినట్టే కనబడేవాణ్ణి.

ఆ ఓపీకే మోతీని తెచ్చారు. పన్నెండేళ్ల ఆడపిల్లి, రెండేళ్లుగా షుగరు. తివాచీలు నేసే కరీం గారింట్లో పెరిగింది. ఆయన భార్య నూర్జహాన్ గారు రెండు పూటలా ఇన్సులిన్ సూది తానే వేసేవారు. నెల రోజుల్లో పిల్లి బాగా చిక్కిపోయింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా వచ్చింది. మూత్రపిండాలు వడగట్టలేని మలినం రక్తంలో మిగిలిపోతే ఆ అంకె పెరుగుతుంది. ముసలి పిల్లి, పైగా షుగరు. కిడ్నీలు పోయాయనీ, ఆరు నెలలు బతకడం కూడా కష్టమనీ చెప్పేశాను.

"అయితే ఈ సూదులు కూడా మానేద్దామా అండీ? పాపం, దాన్ని పొడవడం దేనికి?" అన్నారు కరీం గారు. నూర్జహాన్ గారు కొంగుతో కళ్లొత్తుకున్నారు.

అంతలో మోతీ బల్ల మీంచి దూకి, మేం చేతులు కడుక్కునే నీళ్ల బకెట్టులో మూతి పెట్టింది. ఎంతకీ తల ఎత్తదే! షుగరున్నా, కిడ్నీలు చెడినా పిల్లి నీళ్లు ఎక్కువే తాగుతుంది. ఇది మాత్రం నీళ్ల మొహం చూసి ఎన్నాళ్లయిందో అన్నట్టు తాగుతోంది. ఇంట్లో నీళ్లు ఎప్పుడెప్పుడు పెడతారని అడిగాను. ఆవిడ ముందు భర్త వంక చూశారు.

"పొద్దుటొకసారి, సాయంత్రమొకసారి కొంచెం పెడతానండీ. మగ్గం దగ్గర ఒంటికి పోసి ఉన్ని తడిపేస్తోందండీ. మళ్లీ తడిపితే చేపల మార్కెట్లో వదిలేస్తానన్నారు ఈయన. నీళ్లు తగ్గిస్తే తడపదు కదా అని..."

"కోపంలో అన్నానండీ," అని కరీం గారు తల దించుకున్నారు.

నాకు సిగ్గేసింది. ఒంట్లో నీరు తగ్గినా ఆ అంకె పెరుగుతుందని వెటర్నరీ కాలేజీ కుర్రాళ్లకు కూడా తెలుసు. మూత్రపరీక్ష చేయించకుండానే నేను గడువు చెప్పేశాను. తొందరపడ్డానని వాళ్లతోనే ఒప్పుకున్నాను. చర్మం కింద సెలైన్ ఎక్కించాం. ఇంట్లో మూడు చోట్ల ఎప్పుడూ నీళ్లుండాలి, ఎండుచేప మాని ఉప్పు లేకుండా ఉడికించిన చేప పెట్టాలి, ఇన్సులిన్ మానకూడదు, తిండి ముట్టని పూట మాత్రం నన్ను అడిగే వేయాలి అని రాసిచ్చాను.

రెండు వారాల తర్వాత రక్తమూ మూత్రమూ కలిపి చూశాం. అంకె బాగా దిగింది, పూర్తిగా మామూలుకు రాలేదు. కిడ్నీలు కొంత దెబ్బతిన్న మాట నిజమే. మూడు నెలలకోసారి పరీక్షలతో నెట్టుకొచ్చాం. మగ్గం పక్కన ఇసుక తట్ట కరీం గారే పెట్టారు. మోతీ ఇంకో రెండేళ్లు బతికింది.

నోరులేని జీవాలకు వైద్యం చేస్తున్నామని మా వృత్తిలో అందరం చెప్పుకుంటాం. ఆ రోజు పిల్లి తన బాధ చెప్పుకోగలిగింది. నేను అడిగేదాకా భర్త ముందు చెప్పుకోలేకపోయింది దాన్ని తెచ్చినావిడ. ఆ తర్వాత ఇంటివాళ్లను ఒక్కొక్కరినీ విడిగా అడగకుండా ఏ రిపోర్టుకూ నేను అర్థం చెప్పలేదు.