జగ్గమ్మ జీడితోట కింద నిప్పు

ఈ బెంగాలీ ఊళ్లో మా టికియాపారా వీధి ఊడ్చే జగ్గమ్మది సీతంపేట కొండల్లో ఊరు. రేవులో పనిచేసే వెంకటేశును చేసుకుని ఇటు వచ్చింది. రాలిన ఆకుల కుప్పకు తక్కిన వాళ్లందరూ అగ్గిపుల్ల గీస్తారు. ఈమె మాత్రం గోనెల్లో కుక్కి మోసుకుపోతుంది. ఎందుకో తెలియకపోతే నాకు అన్నం సహించదు కదా, అడిగేశాను.

"ఈ సేత్తోనే పోడు కాల్సినాను పెద్దమ్మా. ఇంక సాలు," అంది.

పోడంటే కొండవాలున చెట్లు కొట్టి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో చోళ్లు, సామలు చల్లడం. రెండు మూడేళ్లకు నేల చచ్చిపోతే ఇంకో వాలు. పెళ్లికి ముందు ఏడు ఆమె పెట్టిన మంట గాలికి చిన్నాన్న కూర్మయ్య పొలం చెక్కలోకి దూకింది. ఆయన కల్లు గీసుకునే జీలుగు చెట్లు ఒక్కటీ మిగల్లేదు. ఆ తరువాత జగ్గమ్మ తన తండ్రి వాలున పోడు మాన్పించి, తమ్ముడు గవరయ్య చేత జీడిమొక్కలు, వాటి నడుమ అనాస, పసుపు పెట్టించింది. వచ్చే ఏడు తొలికాపు. కానీ కూర్మయ్య వాలు సరిగ్గా ఆ తోట కిందే ఉంది. గాలి లేకపోయినా మంట పైకే పాకుతుంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఫోను పట్టుకుని మా గుమ్మంలో కూలబడింది.

"సిన్నాన్న ఈయాళే కాలుస్తాడట పెద్దమ్మా."

"వద్దని చెప్పలేవేటే?"

"ఏ మొగం పెట్టుకుని సెప్తాను? అతగాడు మొక్కలేస్తే కాపొచ్చేదాకా తిండెవులు పెడతారు?"

ఇంతలో గవరయ్య ఫోను. వెదుళ్లు పటపటమని పేలుతుండడం నాకూ వినిపించింది.

"అక్కా, అంటుకున్నాది!"

"తోటకీ మంటకీ మద్దిని ఆకు ఊడిసినావా?"

"రెండు బారలు ఊడిసినాను."

"సాలదురా! నాలుగు సెయ్యి. మట్టి కనబడాల. ఆకు పైకి తొయ్యకు, కిందికి తొయ్యి!"

ఫోను తెగిపోయింది. "ఇక్కడ కూచుని కొండ ఊడుస్తున్నావు, మా వీధి మూల మాత్రం నీకు కనబడదు," అన్నాను నవ్వించాలని. నవ్వలేదు. ఇచ్చిన టీ మీద మీగడ కట్టింది.

గంటకు మళ్లీ మోగింది. "ఆగినాదక్కా. కింద వరస మాడిపోనాది. బతుకుతాదో లేదో సినుకు పడితే గానీ తెలీదు... సిన్నాన్న తన పక్క సెక్క మంగళారం కాలుస్తాడట. గాలీ అటునుంచే."

జగ్గమ్మ లేచి సూపర్‌వైజరు దగ్గరికి పరిగెత్తింది. నేనూ వెంటే.

"ఇప్పుడు సెలవు లేదు దీదీ. వెళ్తే నీ జాగాలో వేరేవాళ్లు వస్తారు," అన్నాడాయన.

"పెట్టుకో దాదా," అనేసింది.

సాయంత్రం ఆమె సంచి సర్దుకుంటే ముడి నేను వేశాను. ఆ రాత్రే ఊరి రైలెక్కింది.

ఇవాళ మంగళవారం. పొద్దుటినుంచి చేస్తున్నాను, ఫోను అందడం లేదు. అక్కడ గట్టెక్కితేనే సిగ్నలట. జగ్గమ్మ గట్టెక్కి ఉండదు. కింద, మంటకు ఎదురుగా ఊడుస్తూ ఉండి ఉంటుంది.