నాలుగో శనక్కాయ

ఆర్మీ హెలికాప్టర్ నన్ను మంచుకొండ మీద పొద్దున తొమ్మిదీ ఇరవైకి దించింది. దించింది అనడం మర్యాద. అది నేలకు ఆనలేదు, రెక్కలు ఆగలేదు. వెనక నుంచి ఎవరో భుజం తట్టారు, నేను దూకాను. నా తర్వాత కిరసనాయిలు డబ్బాలు వచ్చాయి. వాటిని మాత్రం ఇద్దరు జాగ్రత్తగా పట్టుకున్నారు.

ఎత్తు పదిహేడు వేల ఎనిమిది వందల అడుగులు. ఆ రోజు మైనస్ ఇరవై రెండు. ఒంటి మీద మూడు పొరల బట్టలు, చేతులకు రెండు జతల తొడుగులు, మంచు కళ్లద్దాలు, నడుముకు తాడు. ఒక్కో బూటు రెండు కిలోలు. నేను పుట్టింది ఆలూరు దగ్గర ఒక కరువు పల్లెలో. నీళ్లు గడ్డకట్టడం సంగతి అటుంచండి, అన్ని నీళ్లు ఒక్కచోట ఉండడమే నాకు వింత.

ఇప్పటికీ పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు అడుగుతారు. "ఆడ ఎట్లుంటాదప్పా?" అని. "చల్లగా ఉంటాది" అంటాను. వాళ్లకు అది చాలదు. తుపాకులు కావాలి. నేనున్న ఎనభై నాలుగు రోజుల్లో ఒక్క తూటా పేలలేదు. అందుకని విస్తరి వైపు చూస్తూ మాట మారుస్తాను.

పోస్టులో ఎనిమిది మందిమి. ఫైబరు గుడిసె ఒకటి, మధ్యలో కిరసనాయిలు పొయ్యి, దాని మసి అందరి ముక్కుల్లో. ఆదోని కాలేజీలో బీయస్సీ ఫిజిక్సు చదివిన పుణ్యానికి నాకు రేడియో ఇచ్చారు. పని చిన్నది. ప్రతి గంటకూ కింది బేస్ మమ్మల్ని పిలుస్తుంది. బ్యాటరీ ఆదా కోసం మాటల్లో జవాబు చెప్పం. మైకు మీట రెండుసార్లు నొక్కుతాం. టక్, టక్. అంతా బాగుందని అర్థం. డిగ్రీ చదివింది ఇందుకే అని మా నాయనకు ఉత్తరంలో రాశాను.

సెట్టు పైన ఒక అట్టముక్క వేలాడేది. బిస్కట్ల పెట్టె చింపి మా పోస్టు కమాండర్ హవల్దార్ తన చేత్తో హిందీలో రాసింది: "జవాబు రాలేదంటే బాగున్నారని కాదు." నియమం కూడా దాని కిందే. పక్క పోస్టు నుంచి ఒకసారి జవాబు రాకపోతే ఐదు నిమిషాలాగి మళ్లీ పిలవాలి. అప్పుడూ రాకపోతే నలుగురు తాడు కట్టుకుని బయల్దేరాలి. నిద్రపోతున్నారేమో అని ఎవరూ అనకూడదు.

ఇరవై ఆరో రోజు రెండోసారి పిలిచినా పక్క పోస్టు జవాబివ్వలేదు. హవల్దారు, నేను, ఇంకో ఇద్దరు తాడు కట్టుకుని రెండు గంటల పది నిమిషాలు నడిచాం. తీరా పోతే అక్కడి ఆపరేటర్‌కు విరేచనాలు, కడుపు పట్టుకుని డబ్బా మీద కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మావాడొకడు ఊరికే నడిచామని సణిగాడు. హవల్దారు ఆగి వెనక్కి తిరిగాడు.

"ఊరికే నడిచామని బాధా? ఊరికే నడవడమే మన అదృష్టం."

హిందీలో అన్నాడు. తెలుగులోనూ అంతే బరువు.

నేను పైకి పోయేటప్పటికి నా భార్య కాశింబీకి ఆరో నెల నడుస్తోంది. తొలికాన్పు కాబట్టి ఏడో నెలలో బద్వేలుకు, వాళ్ల పుట్టింటికి వెళ్లింది. మా మామ అక్కడ దూది ఏకి పరుపులు కుడతాడు. మనవడో మనవరాలో వస్తున్నారని మేలైన దూది ఒక సంచిలో కట్టి అటక మీద పెట్టాడు. పుట్టకముందు కుట్టరాదన్నాడు.

శాటిలైట్ ఫోన్ నాలుగు రోజులకొకసారి నా వంతు. పగలు పదకొండూ పదికి, ఐదు నిమిషాలు. ఆకాశం ఒప్పుకోవాలి, వెనక నిలబడ్డవాడు దగ్గకూడదు.

మా పోస్టులో మందుల పని చూసేవాడిది బళ్లారి జిల్లా, ఆలూరుకు అవతలి గట్టు. అందరూ డాక్టరనే పిలిచేవాళ్లం. నాతో మన తెలుగే మాట్లాడేవాడు. కదలికలు లెక్క పెట్టుకోమని కాశింబీకి చెప్పించింది అతనే. "మధ్యానం తిన్నాక ఎడం పక్కకు పండుకోని లెక్కేసుకోమనప్పా. ఎన్నిసార్లని కాదు, రోజూ ఎట్ల కదుల్తాండాడో ఆయమ్మకు తెలియాల. అది మారితే ఊరుకోగూడదు." ఈ చివరి మాట నేను ఫోన్లో చెప్పానో లేదో గుర్తు లేదు. ఐదు నిమిషాల్లో నా జోకులకే మూడు పోయేవి.

కాశింబీ రెండు స్టీలు గిన్నెలు పెట్టుకుంది. ఒకదాంట్లో పది శనక్కాయలు. బిడ్డ కదిలినప్పుడల్లా ఒకటి తీసి రెండో గిన్నెలో వేసేది.

"ఏమయ్యా, నిన్న అర్ధగంటకే పదీ అయిపోయినాయి. తిని పండుకుందామంటే తన్నుతాండాడు."

"వాడు తన్నడంలేదు. రిపోర్టిస్తున్నాడు. నీ కడుపులో సెంట్రీ డ్యూటీ."

"జీతమెవరిస్తారు?"

"శనక్కాయలు నువ్వు తింటాండావు కదా, అదే రేషన్."

ఆమె నవ్వు శాటిలైట్ దాకా వెళ్లి రావాలి కాబట్టి రెండు క్షణాలు ఆలస్యంగా వినబడేది. ఆ రెండు క్షణాలు నాకు శానా ఇష్టం. జోకు పేలిందో లేదో తెలియని టైము.

ఎనభయ్యో రోజు. తొమ్మిదో నెల వచ్చి వారం. పడమట మబ్బు లేస్తోంది. నా వంతు పదకొండూ పదికి వచ్చింది.

"నిన్న పది కావాలంటే పొద్దు గూకింది" అంది. "ఈ పొద్దు పొద్దన్నుంచే లెక్కేస్తాండా, మూడే. నీ ఫోనొస్తాదని కూచున్నా. ఆసుపత్రికి పోదామా?"

వెనక మా అత్త గొంతు వినబడింది. "నెలలు నిండినాక జాగా యాడుంటాది మే? బిడ్డ సద్దు తగ్గుతాది. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాకూ అంతే."

నేను ఒక్క క్షణం ఆలోచించాను. నిజం చెప్పాలంటే ఆలోచించింది బిడ్డ గురించి కాదు. ఆమె గొంతులో భయముంది, నా దగ్గర ఇంకో నిమిషముంది, ఆ నిమిషంలో ఆమెను నవ్వించాలి. నాకు చేతనైన పని అదొక్కటే.

"సెంట్రీ డ్యూటీ దిగి నిద్రపోతాండాడు" అన్నాను. "లేపితే నీ మీద చార్జిషీటే."

రెండు క్షణాలు. తర్వాత నవ్వింది. బాగా నవ్వింది. "సరేలే, రేపు సూద్దాం" అంది. లైను తెగింది. పదకొండూ పద్నాలుగు.

ఎదురుగా అట్టముక్క వేలాడుతూనే ఉంది. దాన్ని నేను ఎనభై రోజులుగా గంటకోసారి చదువుతున్నాను.

పన్నెండున్నరకు అన్నం దగ్గర డాక్టర్‌కు ఈ జోకు చెప్పాను. అతను చెంచా కింద పెట్టాడు.

"ఎన్ని?"

"మూడు."

"నిన్న?"

"సాయంత్రం దాకా పట్టిందంట. వాళ్లమ్మ జాగా చాలక అంటాంది."

"జాగా గీగా లేదప్పా. నెలలు నిండినాక కదిలే తీరు మారుతాదేమో గానీ కదలడం తగ్గగూడదు. ఇప్పుడే పోమను. రేపు కాదు, తిన్నాక కాదు. ఇప్పుడు. లేయప్పా, ఫోను పట్టు!"

ఫోను పట్టాను. ఆకాశం మూసుకుపోయింది. పన్నెండూ నలభై నుంచి ఎనిమిది సార్లు ప్రయత్నించాను.

రేడియోలో సొంత మాటలు పంపకూడదు. హవల్దారు దగ్గరకు వెళ్లి చెప్పాను. ఆయన మైకు నా చేతిలోంచి తీసుకుని, తన పేరు మీద, అత్యవసర సందేశంగా బేస్‌కు తనే చెప్పాడు. బేస్ ఆపరేటర్ ఎక్స్ఛేంజికి చెప్పాడు. ఎక్స్ఛేంజి వాళ్లు మా మామకు ఫోన్ చేశారు. మామ దూది ఏకే మిషన్ దగ్గరున్నాడు. ఆ చప్పుడులో ఫోను మోగినట్టు తెలియదు. కాశింబీ ఫోన్ నంబరు కూడా నేను ఇచ్చాను కానీ ఒక అంకె తప్పిచ్చాను. ఏ అంకో ఇప్పటికీ గుర్తుంది. మామ మూడోసారికి ఎత్తాడు. వాళ్లు ఆటో ఎక్కింది మూడు గంటలకు.

పదకొండూ పద్నాలుగు నుంచి మూడు దాకా. మూడు గంటల నలభై ఆరు నిమిషాలు.

నాలుగూ నలభైకి బేస్ పిలిచింది. అది గంటగంటకూ వచ్చే పిలుపు సమయం కాదు. బేస్ ఆపరేటర్ ముఖం నేనెప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం తమ్ముడి గొంతంత తెలుసు.

"సందేశం రాసుకో" అన్నాడు. "పోస్టులో ఇంకెవరైనా రాస్తారా?"

"ఆపరేటర్‌ని నేనే. చెప్పు."

"ఆపరేటర్ భార్య క్షేమం."

రాశాను.

"బిడ్డ గుండె చప్పుడు లేదు."

రాశాను. నా చేతిరాత ఎప్పుడూ బాగుంటుంది, ఆ రోజూ బాగానే ఉంది. రాసుకున్న సందేశాన్ని తిరిగి చదివి వినిపించాలి, అది నియమం. నేను చదివాను. రెండు వాక్యాలే. సరిగ్గా ఉంటే అతను "సరి" అనాలి.

కాసేపు గరగర. తర్వాత టక్, టక్.

మా భాషలో అంతా బాగుందని. పాపం, అతనికి ఇంకేం తోచలేదు.

డాక్టర్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఐదు గంటల పిలుపు వచ్చింది. హవల్దారే రెండుసార్లు నొక్కాడు.

మబ్బు నాలుగు రోజులు కమ్ముకునే ఉంది. హెలికాప్టర్ ఎనభై నాలుగో రోజు వచ్చింది. ఎక్కే ముందు హవల్దారు నా తాడు విప్పాడు. దాన్ని చాలాసేపు చుట్టాడు.

తర్వాత రెండు రోజుల రైలు, కడపలో దిగి బస్సు. బద్వేలులో నలభై ఒక్క డిగ్రీలు. మామ బస్టాండుకొచ్చాడు. గడ్డానికి దూది అంటుకుని ఉంది.

"మగపిల్లోడప్పా. రెండు కిలోల నాలుగొందలు. నీ ముక్కే" అన్నాడు. "నువ్వొచ్చేదాకా పెట్టుకోలేకపోతిమి."

రెండు కిలోల నాలుగొందలు. నా ఒక్క బూటు కన్నా కొంచెం ఎక్కువ. బిడ్డను మట్టి చేసిన చోటికి తీసుకుపోయాడు. చిన్న గుంట. మంచులో గుడారం మేకు దిగ్గొట్టడానికి కూడా అంతకన్నా పెద్ద గుంట తవ్వేవాళ్లం.

చెప్పే కథకు చివర ఆడపిల్ల పుట్టిందంటే వినేవాళ్లు ఊపిరి పీల్చుకుని లేచిపోతారు. అందుకని ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రెండేళ్ల తర్వాత నేను సర్వీసు వదిలేసి ఇంటికొచ్చాను. ఆ మరుసటి ఏడు కాశింబీకి మళ్లీ నెలలు నిండాయి. ఆమె కొంచెం తేడాగా ఉందన్న ప్రతిసారీ ఆ నిమిషానికే ఆసుపత్రికి పోయాం. ఐదుసార్లు. ఐదుసార్లూ గుండె గుర్రంలా పరుగెత్తింది. ఐదోసారి నేనే సిగ్గుపడి, "ఊరికే విసిగిస్తున్నామమ్మా" అన్నాను. పెద్ద నర్సు కడుపు మీది గుండె మిషన్ బెల్టు విప్పుతూ, "ఆరోసారి కూడా రాండి. రాకపోతేనే తిడతా" అంది. మంచులో హవల్దారు గుర్తొచ్చాడు. ఊరికే నడవడమే. అటక మీది సంచి దించి మామ పరుపు కుట్టాడు. పిల్ల ఇప్పుడు ఒకటో తరగతి, నోరు నాదే.

తొందరగా పోయుంటే మొదటివాడు దక్కేవాడా? నర్సునూ అడిగాను, డాక్టరమ్మనూ అడిగాను. చెప్పలేమన్నారు. గుండె ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదన్నారు. దయగా అన్నారు. నేను రేడియోవాణ్ని, గరగరలో ఏది మాటో నాకు తెలుసు.

ఇక నేను బద్వేలు చేరిన రోజు మధ్యాహ్నం. కాశింబీ గోడకానుకుని కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. రొమ్ము పాలతో రవిక తడిసి ఉంది. అది ఎవరూ ముందుగా చెప్పలేదు. కిటికీలో రెండు స్టీలు గిన్నెలు అలాగే ఉన్నాయి. తీయబోయిన వాళ్లమ్మను తీయనియ్యలేదట.

నేను పక్కన కూర్చున్నాను. ఆమె నా ముఖం మీది మంచు కాటు మచ్చ చూసింది.

"మాడినాదే" అంది.

"చల్లగా ఉండె."

కిటికీలోంచి రెండో గిన్నె తీసి నా ఒళ్లో పెట్టింది. "లెక్కపెట్టు."

నాలుగున్నాయి.

"మూడన్నావే" అన్నాను.

"ఫోను చేసేటప్పటికి మూడే. నువ్వు చార్జిషీటు అన్యావు సూడు, నాకు నవ్వొచ్చింది. నవ్వితే కడుపు కదిలింది. వాడే అనుకున్యా. అమ్మా, కదిలినాడు అని కేకేసి, ఇంకోటి ఏసినా." ఆమె గిన్నెలోకి చూస్తూ ఉంది. "అందుకే ఇంక భయపడల్యా."

బయట దూది మిషన్ ఆగి ఉంది. వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

ఆ తర్వాత నేను చాలా చూశాను. కానీ కళ్లు మూస్తే నాకు మంచు రాదు. స్టీలు గిన్నె వస్తుంది. అందులో నాలుగు శనక్కాయలు. మూడు వాడివి. నాలుగోది నాది.