కాపరి ఎవరని అడగనిచ్చిన టీచరమ్మ

మా ఊరికి మైకు పట్టుకొని వచ్చినవాళ్లు నన్ను ఎన్నడూ అడగనివ్వలేదు. ఈ కోపం నాకు చాలా ఏళ్లది. ఒక ఏడు నా మందలో పదకొండు గొర్రెలు రెండు రోజుల్లో పడిపోయాయి. చేనులో కొట్టిన మందుకా, తిన్న మేతకా, ఏదన్నా రోగానికా, ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఊళ్లో ఏ మీటింగు పెట్టినా నేను లేచి నిలబడేవాణ్ణి. "తాతా, కూసో. ఆఖర్ల అడుగుదువు" అనేవాళ్లు. ఆఖర్లో ఫోటో దిగి జీపెక్కేవాళ్లు. నన్ను నిలబెట్టి, మైకు చేతికిచ్చి, "అడుగు బాపూ" అన్న మనిషి ఒక్కతే. ఆమె పోయింది.

మంగళవారం పొద్దున దొడ్డి తడిక తీస్తుంటే ఫోను మోగింది. టీచరమ్మ వెంట ఊళ్లు తిరిగే కాలేజీ పిల్లల్లో, భూపాలపల్లి జట్టులోని ఆడపిల్ల. "తాతా, మన టీచరమ్మ..." అని ఏడ్చింది. వరంగల్‌లో దవాఖానకు తీసుకుపోయేలోపే గుండె ఆగిందట. నేను అన్న మొదటి మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. "మరి నా ప్రశ్న?" అన్నాను. ఆ పిల్ల ఫోను పెట్టేసింది. నాకు దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఇప్పటికీ అదే ముందుంది.

ఆమె గుర్తుగా, ఆమె జట్ల పిల్లలకు పంచడానికి ఈ పుస్తకం అచ్చువేస్తున్న పిల్లలు ఆమె గురించి నన్ను రెండు మాటలు రాయమన్నారు. నాకు సంతకం వచ్చు. కూడబలుక్కొని చదవడం వచ్చు. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. అక్షరం తప్పయితే దిద్దండి. మాట తీసేయకండి.

ఆమె బయ్యారం దిక్కు తండాలో పుట్టింది. కాలేజీలో జీవశాస్త్రం చెప్పేది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు చోట్ల కాలేజీ పిల్లలను మూడు జట్లుగా కట్టి ఊళ్ల మీదికి తోలుకొచ్చేది. సింథటిక్ బయాలజీ అని ఒక కొత్త చదువు ఉందట. కంటికి కనబడని జీవి లోపల ఒక రాత ఉంటుందట. ఆ రాత మార్చి దానికి కొత్త పని నేర్పుతారట. పాలను పెరుగు చేసేలాంటి చిన్న ప్రాణిచేత మందులు చేయిస్తారట. ఆ చదువు జనం మధ్యలోకి రాకముందే జనానికి తెలియాలనేది ఆమె పట్టుదల. పిల్లలు నోరు తిరగని మాట వాడితే ఊరుకునేది కాదు. "మా యాడికి తెలిసేటట్టు చెప్పు" అనేది. యాడి అంటే వాళ్ల తండా మాటలో అమ్మ. చెప్పలేనివాడు బోరింగుకు పోయి అందరికీ నీళ్లు తేవాలి. మొదటి వారం ఆ పిల్లలు నీళ్లు మోసీ మోసీ మెత్తబడ్డారు.

ఇంకొక కట్టుబాటు పెట్టింది. ఊళ్లో మాట్లాడిన జట్టు ఆ ఊరి ప్రశ్నకు జవాబు తేకూడదు. మా ఊళ్లో మాట్లాడింది జనగామ పిల్లలు. జవాబు తేవాల్సింది భూపాలపల్లి పిల్లలు. మహబూబాబాద్ పిల్లలు పక్కన నిలబడి, అడిగిన మనిషి "అందింది" అని తన నోటితో అంటేనే, ప్రశ్నలు రాసుకునే పొడుగు నోటుబుక్కులో టిక్కు పెట్టాలి. ఫోనులో చెప్తే చెల్లదు. ఎందుకమ్మా ఇంత తిరుగుడు అని అడిగాను. "చెప్పినోడు తన మాటను కాపాడుకుంటడు బాపూ. వేరేటోడైతే నిజం తెస్తడు" అంది.

మొదటిసారి వాళ్లు మా బడికి వచ్చినప్పుడు బల్ల మీద మూతలున్న చిన్న ప్లేట్లు పెట్టారు. లోపల గడ్డకట్టిన గంజిలాంటిది ఉంది. జనగామ పిల్లగాడు ఒకడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"తాతా, బొటనేలు గిండ్ల ఒత్తు."

నాకు ఒళ్లు మండింది. "ఏలు ఒత్త. సంతకం పెడ్త. పెన్ను దే."

"గంజిల సంతకం ఎట్ల పెడ్తవే తాతా?" అని ఒకటే నవ్వు.

"మా నాయిన ఏలు ఒత్తి చెలక పోగొట్టిండు. నేను ఒత్తి గొర్లను పోగొట్టుకోవాల్నా?"

అది నిజం. కాగితంలో ఏముందో తెలియక మా నాయిన వేసిన ముద్రకు రెండెకరాల చెలక పోయింది. అందుకే నెత్తి నెరిసినాక వయోజన బడికి పోయి పేరు రాయడం నేర్చుకున్నాను. టీచరమ్మ నవ్వలేదు. తన బొటనవేలు ముందు ఒత్తింది. "సూడు బాపూ, నా సర్కారు నౌకరి గిండ్ల పెట్టిన. పోతే ఇద్దరిదీ పోతది." అప్పుడు నేను ఒత్తాను.

మూడు రోజులకు ప్లేట్లు తిరిగి తెచ్చారు. చుట్టూ టేపు వేసి, తెరవొద్దన్నారు. నా వేలు పడ్డచోట, వేలు ఆకారంలోనే, చుక్కలు మొలిచాయి. తెల్లవి, పసుపువి, ఒకటి నారింజ రంగుది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చెయ్యి వెనక్కు దాచుకున్నాను. ఈనలేక అవస్థపడే గొర్రె కడుపులోంచి పిల్లను లాగింది ఈ చేతితోనే. తల్లి లేని పిల్ల నోట్లో పెట్టి చప్పరించడం నేర్పింది ఈ వేలినే. మరి ఆ పదకొండింటినీ నేనే చంపానా?

ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు. బూడిదతో వేలు తోమాను, తోలు లేచేదాకా. గొర్రెపిల్లలను ముట్టుకోవడం మానేశాను. తల్లి పోయిన పిల్ల ఒకటి పాలు అందక నీరసపడి మూలకు పడుకుంది. నాలుగోనాడు మధ్యాహ్నం బస్సుకు టీచరమ్మ ఒక్కతే వచ్చింది. మీటింగు లేదు, ఏమీ లేదు. ప్లేటు చూసినప్పటి నా మొహం ఆమెకు గుర్తుండిపోయిందట. చెప్పేశాను.

ఆమె సంచిలోంచి సబ్బుబిళ్ల తీసింది. "బూడిద గాదు, గీనితోని కడుగు." తానూ కడుక్కుంది. "అయి అందరి ఏళ్ల మీద ఉంటయి బాపూ. నా ప్లేటుల నీకంటె ఎక్కువ మొలిసినయి, సూపియ్యలే, ఇజ్జత్ పోతదని. ఆ పదకొండు ఎందుకు సచ్చినయో నాకు తెల్వది. నీ ఏలుతోని సచ్చినయని ఎవలన్నా అంటే మాత్రం నా దగ్గరికి తోల్కరా." పాలసీసా నా చేతిలో పెట్టి, తాను పిల్లను ఒళ్లోకి తీసుకుంది. అది తాగింది. చీర కొంగుకు పేడ అంటింది. దులుపుకోను కూడా లేదు, అట్లాగే బస్సెక్కింది.

పోతూ పోతూ ఒక మాట అంది. "భయపడ్డోడే సక్కగ సూస్తడు బాపూ. నీ భయం దాసుకోకు, మీటింగుల అడుగు."

అడిగాను. తర్వాతి మీటింగులో సర్పంచి, బడి పెద్దసారు అందరూ కుర్చీల్లో ఉండగా మైకు నా చేతికిచ్చింది.

"నా గొర్రె పక్కోని చేన్ల పడితే పట్టుకపోయి బందెలదొడ్డిల కడ్తరు. చెవి మీది కోత సూసి నా ఇంటికొస్తరు. నేను పోయి మాటలు పడి ఇడిపించుకొస్త. మీరు రాత మార్చిన జీవి తప్పిపోతే ఏ దొడ్డిల కడ్తరు? ఎవల ఇంటికి పోతరు? దాని కాపరి ఎవలు?"

జనగామ పిల్లగాడు లేచాడు. "అది బయట బతకది తాతా. సచ్చిపోతది."

"నీకెట్ల ఎరుక? దానెంట పోయినవా?"

బడి అంతా నవ్వింది. టీచరమ్మ వాణ్ణి కూర్చోమంది. "బాపూ, నాకు సగం తెల్సు, సగం తెల్వది" అని మైకులోనే అంది. చదువుకున్న మనిషి పది మందిలో తెలియదు అనడం నా పుట్టుకలో అదే చూడటం. నోటుబుక్కులో నా మాట నా మాటగానే రాయించింది.

నెలకు భూపాలపల్లి పిల్లలు ప్రెషర్ కుక్కర్ మోసుకొని వచ్చారు. మా వేళ్ల ప్లేట్లన్నీ అందులో పెట్టి, విజిల్ మీద విజిల్ వేయించి ఉడికించారు. రాత మార్చినవాటిని కూడా పని అయినాక ఇట్లా చంపే పారబోస్తామన్నారు. పెద్ద చోట్ల అనుమతులుంటాయి, తాళాల గదులుంటాయి అన్నారు. కొన్నిటిని మనం పెట్టే మేత ఉంటేనే బతికేటట్టు చేస్తారని కూడా చెప్పారు.

"పెడితెనే తినే గొర్రె నా దగ్గర సుత ఉండె బిడ్డా. తాడు తెంపుకున్ననాడు అది గడ్డి మేసింది" అన్నాను.

జవాబు చెప్తున్న ఆడపిల్ల, మొన్న నాకు ఫోను చేసిన పిల్లే, బిక్కమొహం వేసింది. టీచరమ్మ ఎంత నవ్విందంటే కండ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. "టిక్కు పెట్టకు. సగం అందిందని రాయి" అంది. నాకేసి తిరిగి, "మిగిలిన సగం తెస్తం బాపూ" అంది.

అదే నాతో ఆఖరి మాట.

చివరి చూపుకు తండాకు పోయాను, రెండు బస్సులు మారి. మూడు జట్ల పిల్లలూ ఉన్నారు. వాళ్ల ఏడుపు చూసి ఆగుదామనుకున్నాను. ఆగలేకపోయాను.

"నా సగం ఎవల దగ్గరుంది?"

"తాతా, గిప్పుడా?" అన్నాడు ఒకడు.

జనగామ పిల్లగాడు నా పక్కకొచ్చి మెల్లగా చెప్పాడు. "ఇగ మాతోని కాదు తాతా. ఆమె లేంది ఎవలు నడిపిస్తరు? సభ వెట్టి బంద్ చేస్తం." ఆదివారం తొర్రూరులో సంతాపసభ అట. ఫోటో ముందు ఆ నోటుబుక్కు పెట్టి దండ వేస్తారట. ఆమె గుర్తుగా అద్దాల బీరువాలో దాచిపెడతారట.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు తిండి సహించడం లేదు. దండ వేసిన పుస్తకాన్ని మళ్లీ ఎవరు విప్పుతారు? మనిషి పోవడం నాకు కొత్త కాదు, చాలామందిని సాగనంపాను. ఈమెతోపాటు అడగనిచ్చే చోటు పోతుంది. నాకు ఆ చిన్న జీవి అంటే భయమే, ఒప్పుకుంటాను. దాన్ని తయారుచేసేవాళ్లు మంచివాళ్లే కావచ్చు. తప్పిపోయిందని చెప్పడానికి ఎవరి గడప తొక్కాలో తెలియని ఊరంటే అంతకంటే ఎక్కువ భయం. రేపు ఏదన్నా మందలో మళ్లీ పదకొండు పడిపోతే, మళ్లీ "కూసో తాతా" అంటారు. నాకు నా చెయ్యి మీద మళ్లీ అనుమానం వస్తుంది. ఈసారి సబ్బు తీసుకొని బస్సు దిగే మనిషి లేదు.

చదివే పిల్లలారా, మీరంతా ఆమె చేతి కింద నీళ్లు మోసినవాళ్లే. ఈ కాగితం మీకు అందే పొద్దుకు ఆ దండ పడే ఉంటుంది. తీయండి. బుక్కు విప్పండి. నాది ఒక్కటే కాదు, టిక్కు లేనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. మూడు జట్లూ కూర్చొని పంచుకోండి. సభ అయిన ఎనిమిదోనాడు సోమవారం. ఆ పొద్దున మొదటి బస్సుకు మీలో ఎవరన్నా మా ఊరు రావాలి. మిగిలిన సగం దొరికితే తెండి. దొరకకపోతే మాకూ తెలియదని నా మొహం మీద చెప్పండి, ఆమె చెప్పినట్టు. అదీ జవాబే. ఒట్టి చేతులతో వచ్చినా ఫరవాలేదు, రాకపోతే మాత్రం ఊరుకోను.

సోమవారం మీరు వచ్చేదాకా నేను మందను మేతకు విడువను. వానకూ, పండుగకూ, నా పెండ్లాం పోయిననాడు కూడా ఆపని మంద అది. పొద్దెక్కిన కొద్దీ ఆకలికి అరుస్తాయి, తడికను తలలతో కుమ్ముతాయి. రోడ్డు దాకా వినబడుతుంది. దారి ఎవరినీ అడగక్కర్లేదు, బస్సు దిగి ఆ అరుపు దిక్కు నడవండి. తడిక పట్టుకొని నిలబడి ఉంటాను.