ఎవరికో అనుకుని కట్టిన బుట్ట

ఆసుపత్రికి ఎదురుగా ఉన్న పళ్ల దుకాణంలో ఆమెను అందరూ బుట్టలక్క అనేవారు. పైనాపిల్‌ను నడుమ నిలబెట్టి, చుట్టూ ఆపిల్స్ పేర్చి, సందుల్లో ద్రాక్ష గుత్తులు దూర్చి, పైన ప్లాస్టిక్ కాగితం బిగించి రిబ్బను ముడి వేసిందంటే ఇక ఒక్క పండు కదిలేది కాదు. పుచ్చకాయను పువ్వుల్లా కోసి పుల్లలకు గుచ్చే బొకేలు కూడా ఆమె చేతి పనే.

"మా ఆవిడ వేసిన ముడి విప్పాలంటే రోగికి ముందు ఒంట్లో బలం రావాలి," అని వ్యాను నడిపే భర్త ఆటపట్టించేవాడు.

ఆ మనిషికే గొంతులో పుండు లేచింది. అది మామూలు పుండు కాదని తేలేసరికి ఆలస్యమైపోయింది. ఆపరేషను తర్వాత మాట పోయింది, మింగడం పోయింది. పొట్టకు అమర్చిన గొట్టంలో పోసేదే భోజనం. ఆయన దగ్గర చెల్లెలిని కూర్చోబెట్టి ఆమె పనికి వచ్చేది. రాకపోతే ఇల్లు గడవదు.

ఒకరోజు దుకాణం యజమాని, "అక్కా, పెద్ద బుట్ట ఒకటి కట్టు. ఎవరో పేషెంటుకట. బాగుండాలన్నారు," అన్నాడు. ఆమె మనసు పెట్టి కట్టింది. కమలాపళ్లు వాసన చూసి మరీ ఏరింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఆ బుట్ట భర్త మంచం పక్కన స్టూలు మీద ఉంది. తోటి డ్రైవర్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"మీ షాపులోదే వదినా. అన్నయ్యకి మీ చేతి బుట్టంటే ఇష్టం కదా అని..." అంటూనే ఒకతను గొట్టం చూసి నాలుక కరుచుకున్నాడు.

"మంచి పని చేశారు. కూర్చోండి," అందామె.

వాళ్లు వెళ్లాక భర్త రిబ్బను వైపు వేలు చూపాడు. ఆమె వేసిన ముడి ఆమెకే ఊడిరాలేదు. పంటితో లాగుతుంటే ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా.

కమలాపండు ఒలిచి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. కాసేపు కళ్లు మూసుకుని పీల్చుకున్నాడు. తర్వాత, నువ్వు తిను, అని సైగ చేశాడు. ఆమె తొన తర్వాత తొన తింటుంటే కన్నార్పకుండా చూశాడు. ఎలా ఉందన్నట్టు కనుబొమలెగరేశాడు.

"తియ్యగా ఉందండీ," అంది. నిజానికి ఆమెకు ఏ రుచీ తెలియలేదు.

ఆయన ఆ నెల దాటలేదు.

మళ్లీ పనిలోకి వచ్చాక బుట్ట కొనేవాళ్లందరినీ ఒకటే మాట అడగడం మొదలుపెట్టింది: "మీ మనిషి తినగలరా?" కొందరు విసుక్కున్నారు. ఒకమ్మాయి మాత్రం తెల్లబోయి, "నాన్నకి... నేను కనుక్కోలేదండీ," అని అక్కడే ఏడ్చేసింది.

"ఇలాగైతే బేరాలు పోతాయక్కా. నీ బాధ నాకు తెలీదా? కానీ నేనేం చెయ్యను?" అన్నాడు యజమాని.

ఆమె కత్తీ పుల్లలూ తీసుకుని లేచింది. ఇప్పుడు వెనక గదిలో కూర్చుని పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ బొకేలు చేస్తుంది. దుకాణం ముందు నుంచి ఎవరైనా "పేషెంటుకి" అనడం వినబడితే మాత్రం కత్తి పట్టిన చెయ్యి కాసేపు ఆగిపోతుంది.