యజమాని బల్ల

మా వదిన పోయింది. బోగోలులో ఆమె చేతి కాఫీ తాగినవాళ్లందరికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. పెద్దకర్మ నాడు హోటలు ఇంటి యజమానిగారి అబ్బాయి లేచి, "మా నాయన దయతలిచి ఆమెకు పైకప్పు బాగుచేయించినాడు" అన్నాడు. బాగుచేయించిన మాట నిజం. దయ దగ్గరే నాకు పేచీ. భోజనాల వేళ కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు భోజనాలు అయిపోయాయి.

మా అన్న పోయాక వదిన బస్సు ఆగే చోట ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని హోటలు పెట్టింది. అద్దె కరారు నేనే చదివి వినిపించాను. పైకప్పు, గోడలు యజమాని చూసుకోవాలి. నేల, పొయ్యి, సున్నాలు అద్దెకున్నవాళ్లు చూసుకోవాలి. వదిన రెండోసారి చదవమనలేదు. నేల బండ పగిలితే ఎవరితోనూ చెప్పకుండా తనే వేయించుకుంది. "మన పని మనం చేస్తేనే ఎదుటివాడి పని అడిగేదానికి నోరు లేస్తుంది" అనేది.

ఒక ఏడు సముద్రపు గాలికి వీధివైపు పెంకులు లేచిపోయాయి. కార్తీకం వానలు దగ్గర పడ్డాయి. కారే హోటలుకు ఎవరొస్తారు? వానలు వెలిసేదాకా మూసుకుంటే ఆమెకూ కూతురికీ పూట గడవదు.

యజమానిగారు రోజూ పొద్దున్నే వచ్చి డబ్బులివ్వకుండా దోసె తిని కాఫీ తాగి వెళ్లేవారు. అది కరారులో లేదు. పెంకులు వేయించమని వదిన ఆయన్నే అడిగింది.

"నీ పొయ్యి పొగకే పెంకులు చెడినాయమ్మా. నువ్వే వేయించుకో. లేకపోతే ఖాళీ చెయ్యి."

"పొయ్యి పెరటివైపు ఉండాది అన్నా. కారేది వీధివైపు. పొగ ఇన్ని బల్లలు దాటుకోని పోయి, వీధి చూసి పెంకులు పగలగొట్టిందంటారా?"

ఆయన కాఫీ పూర్తిచేసి మరీ వెళ్లిపోయారు.

వాన పట్టుకున్న పొద్దున వదిన సరిగ్గా కారే చోట ఒక బల్ల వేసి, తుడిచి, ఆయన కోసం అట్టిపెట్టింది. తక్కినవన్నీ బస్సు దిగినవాళ్లతో నిండిపోయాయి. ఆయన కూర్చున్నారు. మొదటి చుక్క చట్నీలో పడింది. రెండోది మెడమీద.

"ఏందమ్మా, నీళ్లు పడతా ఉండాయి."

"నేల తగిలేదాకా అవి మీ నీళ్లన్నా. తగిలినాక మావి. మావి మేం ఎత్తిపోసుకుంటా ఉండాము. ఇంకో దోసె వెయ్యమంటారా?"

వెయ్యమన్నారు.

రాకపోతే తన పైకప్పుకు తనే జడిశాడంటారని కాబోలు, మర్నాడూ వచ్చారు. గొడుగు తెచ్చుకున్నారు. హోటలు లోపల గొడుగు పట్టుకుని, రెండో చేత్తో కాఫీ తాగుతుండగా కావలి బస్సు వచ్చి ఆగింది. కిటికీలోంచి ఒక ముసలామె అడిగింది: "ఎవురమ్మా ఆయన?"

"ఈ ఇంటి ఓనరు, అవ్వా" అంది వదిన, దోసె తిరగేస్తూ.

బస్సంతా నవ్వింది. వాన తెరిపి ఇవ్వగానే పెంకుల బండి వచ్చింది.

వదిన గొప్పలు పోలేదు. పైకెక్కిన పనివాళ్లకు కాఫీ అందించింది. యజమానిగారికి పొయ్యి దగ్గర వెచ్చని చోటు ఇచ్చింది. "గెలిచినాక కూడా కాఫీ చిక్కగానే ఇయ్యాల" అంది నాతో. ఆ తరవాత ఏ వానకూ ఆ హోటలు మూతపడలేదు. వీధివైపు బల్లను మాత్రం ఆమె తీయలేదు. ఏటా వానలకు ముందు దాన్ని తళతళలాడేట్టు తుడిచేది. యజమానిగారు బల్లను చూసి, ఆపైన పెంకులను చూసి, పనివాణ్ణి పంపేవారు.

బాబూ, ఇప్పుడు మీ నాయన ఇంటికి యజమానివి నువ్వు, అందులో హోటలు నడుపుతున్నది ఆమె కూతురు. మొన్నటి గాలికి వీధివైపు మళ్లీ పెంకులు జారాయి. మీ నాయన వేయించగా మిగిలిన పెంకులు పెరటి గోడ వార పేర్చి ఉన్నాయి. నిచ్చెన మా ఇంట్లో ఉంది, పనివాణ్ణి వచ్చి తీసుకెళ్లమను. వానలకు ముందే పంపు. వీలుకాకపోతే నువ్వే వచ్చి కాఫీ తాగిపో. బల్ల తుడిపించి పెట్టాను.