చేపను విసిరేయని సాంబన్న

నిన్న పొద్దున సాంబన్న షర్టు నా మిషన్ మీద ఉండగానే ఫోన్ వచ్చింది. సాంబన్న పోయాడని.

మనిషి చిక్కిపోయాడు కదా, పాత షర్టులన్నీ లూజ్ అయ్యాయి. హనుమకొండ దవాఖాన నుంచి డిశ్చార్జ్ అయ్యేలోపు రెండు షర్టులు టైట్ చేసి పెట్టమని ఆయనే చెప్పాడు.

ఒక పక్క కుట్టాను. రెండో పక్క అట్లనే ఉంది. చేయి రావట్లేదు.

తెలియనివాళ్లకు చెప్తున్నా. వరంగల్ మార్కెట్‌లో సాంబన్నది చీరల షాపు, పక్కనే నాది టైలరింగ్. ఆయన చీర అమ్మితే ఫాల్, పీకో నాకు వచ్చేవి. వరసకు ఏమీ కాదు. కానీ అన్న అంటే అన్నే.

సరుకు కోసం చీరాల పోయి పోయి, అక్కడి సముద్రానికి మరిగాడు.

నీచు గిన్నె గడప దాటని ఇల్లు వాళ్లది. ఆ ఇంటి మనిషికి గాలం పిచ్చి ఎట్లా పట్టిందో ఆ దేవుడికే తెలియాలి. అడిగితే, "పొద్దందాక గిరాకితోని బేరమాడి నోరు పోతాంది తమ్మీ. సముద్రం బేరమాడదు" అనేవాడు.

ఫస్ట్ టైమ్ నన్ను తీసుకుపోయినప్పటి సంగతి చెప్పాలి.

ఇద్దరం చెరువు గట్ల మీద పెరిగినోళ్లమే. అందుకే డబ్బా నిండా వానపాములు, గాలానికి బెండు కట్టుకుని మరీ ట్రైన్ ఎక్కాం. రాడ్‌ను చీరల అట్ట గొట్టంలో దాచాడు. టీసీ అడిగితే కొత్త డిజైన్ అన్నాడు.

బెండు విసిరాం. అల దాన్ని తెచ్చి మా కాళ్ల దగ్గరే పెట్టింది. మళ్లీ విసిరాం. మళ్లీ తెచ్చింది. ఒడ్డున పిల్లలు పడీ పడీ నవ్వారు.

నేనైతే రోషంతో ఇంకా దూరం విసురుతూ భుజం పోగొట్టుకున్నా. సాంబన్న మాత్రం రాడ్ పక్కన పెట్టి, ఇసుకలో కూర్చుని, ఊరికే అలలు చూశాడు. చాలాసేపు చూశాడు.

తర్వాత బెండు పీకేసి, సీసం గుండు కట్టి, రొయ్య గుచ్చాడు. రొయ్యను ముట్టడానికి చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కున్నాడనుకోండి, అది వేరే కథ. నురగ లేని చోటు చూసి, దగ్గర్లోనే వేశాడు.

"లొల్లి చేసే గిరాకి కొనది తమ్మీ. సప్పుడు లేని కాడ చూడాలె. అల ఇరగని కాడ లోతుంటది. మనం దూరం దూరం ఇసురుతానం, చేపేమో కాళ్ల కాడనే తిరుగుతాంది."

చీర పోగును వేళ్ల మధ్య పట్టి చూసినట్టే దారాన్ని పట్టుకునేవాడు. అల గుంజిందా, చేప గుంజిందా అన్నది ఆ వేళ్లకు తెలిసిపోయేది.

పడింది. మంచి వెండి రంగు చేప. నాకైతే పులుసు వాసన కూడా వచ్చేసింది.

తీసుకుపోయి నీళ్లలో వదిలేశాడు.

వదిన పెట్టిన షరతు అది. పట్టుకుంటే పట్టుకో గానీ, ప్రాణం తీయొద్దు. ఆమె కోసమే నా షాపులో కూర్చుని ఆకురాయితో గాలాల ఎదురు ముల్లు అరగదీసేవాడు, చేప నోరు చిరగకుండా. మార్కెట్లో అందరూ "సాంబన్నా, బుట్టేది?" అని ఆటపట్టించేవాళ్లు. నవ్వేవాడు.

కానీ వదినకు అది కూడా నచ్చేది కాదు. "ముల్లు గుచ్చుడెందుకు, ఇడుసుడెందుకు?" అనేది. ఒక్కసారి వచ్చి చూడమని ఎన్నేళ్లు బతిమిలాడాడో. ఆ పాపాన్ని చూడ్డానికి కూడా రానంది.

మొన్న చలికాలంలో ఆమె కూడా మాతో వచ్చింది. చూడాలని కాదు. అప్పటికే అన్నకు గుండె బలం తగ్గింది, ఒంటరిగా పంపలేక వచ్చింది.

చేప పడింది. లాగేసరికే అన్నకు ఆయాసం ఎగదన్నింది. పడిపోకుండా నేను వెనక నుంచి పట్టుకున్నా. చేప ఇసుక మీద నోరు తెరుస్తోంది. వంగే ఓపిక ఆయనకు లేదు, ఆయన్ను వదిలే వీలు నాకు లేదు.

వదిన చెప్పులు విడిచి, చీర తడిసినా చూసుకోకుండా వచ్చి, గాలం తప్పించి, చేపను రెండు చేతుల్లోకి తీసుకుంది. భయానికి నీళ్లలోకి విసిరేయబోయింది.

"ఇసరకు లలితా," అన్నాడు అన్న. ఊపిరి అందట్లేదు, అయినా చెప్తున్నాడు. "అలసిపోయింది. ఇసిరితె తిరగబడి సస్తది. మూతి అలకు ఎదురుగ పెట్టి పట్టుకో. జర బలమొచ్చినంక అదే పోతది. అప్పటిదాక పట్టుకో."

పట్టుకుంది. అల వచ్చి నడుము దాకా తడిపింది, అయినా కదల్లేదు. చేప కాసేపు ఊరికే పడి ఉంది. తర్వాత తోక ఆడించింది. ఒక్క గుంజు గుంజి వెళ్లిపోయింది.

వదిన తన ఖాళీ చేతులు చూసుకుని ఏడ్చింది. తిరుగు ట్రైన్లో ఖమ్మం దాటేదాకా ఆ చేతులు కడుక్కోలేదు. నీచంటే ముక్కు మూసుకునే మనిషి. పక్కన అన్న ముఖం చూడాలి మీరు. అంత సంతోషం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు.

ఎన్ని పట్టాడని ఈరోజు కూడా ఎవరో అడిగారు. సాంబన్నది ఆ లెక్క కాదండీ.

నిన్న దవాఖానకు పోయేసరికి వదిన ఇంకా ఆయన చేయి పట్టుకునే కూర్చుంది. నన్ను చూసి మెల్లగా చెప్పింది.

"పొద్దటి సంది పట్టుకునే ఉన్న రవీ. నేను ఇడువలే. ఆయనే పోయిండు."

సాంబన్నా, పైలంగా పో. ఇక ఆయాసం లేదు, హాయిగా ఉండు.

నీ షర్టు రెండో పక్క కూడా కుట్టేస్తాను.